మధుపర్కాలు లేని అడవి

ఆ రోజుల్లో అమీర్‌పేటలో అసూయ పడదలచుకున్న మనిషికి కారణాల కొరత ఉండేది కాదు. మైత్రీవనం మెట్ల దగ్గర నిలబడితే చాలు, నిన్న మన పక్కన మిర్చిబజ్జీ తిన్నవాడు ఇవాళ మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకుని కనిపించేవాడు. మా లేడీస్ హాస్టల్లో ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చిందంటే మిగతా గదుల్లో ఆ పూట పప్పన్నం ఎవరికీ సయించేది కాదు. అందరూ జీతాలు చూసి, వీసాలు చూసి, బెంగళూరు బదిలీలు చూసి కుళ్ళుకునేవారు. నేను మాత్రం పులుల్ని చూసి కుళ్ళుకున్నాను. పులులంటే పులులే, అడవిలోవి. అవన్నీ నా పక్క కుర్చీకి వెళ్ళిపోతున్నాయనీ, నా వంతుకి పెళ్ళికూతుళ్ళే మిగులుతున్నారనీ ఆ వయసులో నేను పడ్డ కడుపుమంట ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మజ్జిగ తాగినా చల్లారేది కాదు.

మాది తణుకు. జావా నేర్చుకు రమ్మని ఇంట్లోవాళ్ళు నన్ను అమీర్‌పేట పంపించారు. క్లాసులో కూర్చున్న వారానికే నాకూ జావాకీ జాతకాలు కలవలేదని తేలిపోయింది. అదే భవనంలో పై అంతస్తులో ఫోటోలు దిద్దడం నేర్పే మల్టీమీడియా కోర్సు ఉంటే, ఎవరికీ చెప్పకుండా మెట్లెక్కి అందులో చేరిపోయాను. అది అయ్యాక పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీద ఒక కలర్ ల్యాబ్‌లో పని దొరికింది. ఇంటికి ఫోన్ చేసి "కంప్యూటర్ ఉద్యోగం" అని చెప్పాను. (అబద్ధమేమీ కాదు. ఎదురుగా ఉన్నది కంప్యూటరే.) ల్యాబ్ యజమానిని మేమందరం భాయ్ అనేవాళ్ళం. అత్తరు వాసన ముందొచ్చి, తరవాత మనిషొచ్చేవాడు. మంచివాడే గానీ ఆయనకి ప్రపంచమంతా పెళ్ళి ఆల్బమే. "బేటీ, కస్టమర్ ఎందుకొస్తడు? ముఖం తెల్లగ రావాలని వస్తడు. చీకటి చూసుకోనీకి ఇంట్ల కరెంటు పోతలేదా?" అనేవాడు.

ఆ పనిలో నేను త్వరగానే చెయ్యి తిరిగినదాన్నయ్యాను. కిటుకు ఒక్కటే. ఫోటోలో నిజంగా తెల్లనిదేదో వెతికి, దాని మీద మౌసుతో నొక్కి "ఇది తెలుపు" అని కంప్యూటర్‌కి చెబితే, మిగతా రంగులన్నీ బుద్ధిగా వాటి చోట్లలోకి వచ్చి కూర్చుంటాయి. మన పెళ్ళిళ్ళలో ఆ తెలుపుకి కరువేముంది? వధూవరులు మధుపర్కాలు కట్టుకుని ఎదురుగానే కూర్చుంటారు. మధుపర్కం మీద ఒక నొక్కు, తరవాత వెలుగు కొంచెం పెంచడం, పెళ్ళికూతురు ముఖం ఇంకొంచెం పెంచడం, పెళ్ళికొడుకు మేనమామని కూడా (ఆయనే డబ్బిచ్చేది కాబట్టి) చూసీ చూడనట్టు పెంచడం. ఇంతే. అర్ధరాత్రి ముహూర్తమైనా నా చేతిలో పడితే మిట్టమధ్యాహ్నం అయిపోయేది. భాయ్ చూసి "మాషాల్లా" అనేవాడు. నేను పొంగిపోయేదాన్ని.

నా పక్క కుర్చీ నా రూమ్మేట్‌ది. ఊరు హన్మకొండ కాబట్టి హాస్టల్లో అందరూ దాన్ని హన్మకొండ అనే పిలిచేవారు. ఇద్దరం ఒకే కోర్సు చేశాం, ఒకే నెలలో ల్యాబ్‌లో చేరాం, ఒకే బకెట్‌తో స్నానాలు చేసేవాళ్ళం. ఇంతవరకూ ఎవరికీ ఎవరి మీదా ఏమీ లేదు. అప్పుడొచ్చాడు జంగిల్ సార్. హైటెక్ సిటీలో ఏదో కంపెనీలో పెద్ద మేనేజరు. శుక్రవారం సాయంత్రం కంప్యూటర్ కట్టేసి, మూరెడు లెన్సున్న కెమెరా భుజానేసుకుని అడవికి పోయి, సోమవారం మా ల్యాబ్‌కి వచ్చేవాడు. ఆ మొదటి రోజు నా కుర్చీ పక్కన ఫ్యాన్ తిరగడం లేదు. దాని కుర్చీ పక్కన తిరుగుతోంది. ఆయన అక్కడ కూర్చున్నాడు. నా జీవితంలో జరిగిన అన్యాయానికి కారణం ఆ ఫ్యానే తప్ప మరొకటి కాదని నేను చాలాకాలం నమ్మాను.

హన్మకొండ మౌసు ముట్టుకోకుండా ఆయన్ని ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. "సార్, గప్పుడు ఎండ ఉండెనా, మబ్బు పట్టెనా? మీకు సలి పెట్టిందా? ఆకుల మీద మంచుండెనా?" ఫోటో దిద్దడానికి వచ్చినవాడికి చలి పెడితే ఏమిటి, జ్వరమొస్తే ఏమిటి అని నేను నవ్వు ఆపుకుంటూ పక్కనుంచి వింటున్నాను. ఆయన మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుని కథంతా చెప్పాడు. అది విని ఇది కాస్త నీలం తగ్గించి, కాస్త చీకటి ఉంచి, కాస్త ఎరుపు చేర్చింది. ఆయన తెర వంక చూసి "ఇదేనమ్మా! సరిగ్గా ఇదే పొద్దు!" అన్నాడు. అంతే, ఆ రోజునుంచి పులులు, చిరుతలు, దుప్పులు, చివరికి నెమళ్ళు కూడా దాని పాలబడ్డాయి. ఆయన తన స్నేహితుల్ని కూడా తీసుకొచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో జీతాలు పెరిగినకొద్దీ హైదరాబాద్‌లో అడవి పిచ్చివాళ్ళు పెరిగారు, పెరిగినవాళ్ళందరూ "ఆ హన్మకొండ అమ్మాయి ఉందా?" అంటూ వచ్చేవారు. నేను ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

అసూయ మనిషిని ఎంత దిగజారుస్తుందో చెబితే మీరు నమ్మరు. దాని తెర మీద పులి వస్తే, ఆ పులి మసగ్గా ఉండాలని కోరుకునేదాన్ని. జంగిల్ సార్ సంతోషించి కాజూ బర్ఫీ డబ్బా తెస్తే, హన్మకొండ అందరికంటే ముందు నాకే పెట్టేది. నేను అందులో పెద్ద ముక్క ఏరుకుని తింటూ, తింటూనే కుళ్ళుకునేదాన్ని. (అసూయకీ ఆకలికీ ఏ సంబంధమూ లేదని అప్పుడే గ్రహించాను.) "ఏందే, గట్ల చూస్తున్నవ్?" అంటే "ఏం లేదే, కళ్ళు నొప్పి" అనేదాన్ని. ఒక ఆదివారం బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్ళి, అందరూ ఉద్యోగాల కోసం మొక్కుకుంటున్న వరసలో నిలబడి, "తల్లీ, నాకు ఒక్కటి, ఒక్కటంటే ఒక్క అడవి మృగాన్ని ఇప్పించు" అని మొక్కుకున్నాను. అమ్మవారు ఆ మొక్కు విని ఆశ్చర్యపోయే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే తణుకునుంచి బాబాయి ఫోన్ చేశాడు. మా బాబాయికి ఎరువుల కొట్టు, ఎడ్ల పందాల పిచ్చి ఉన్నాయి, మా ఇంట్లో ఆయన మాటకి తిరుగు లేదు. "సాఫ్ట్‌వేరని పంపిస్తే పెళ్ళి ఫోటోలకి రంగులేస్తున్నావంటగా? శుక్రవారం నేనే వస్తన్నాను. చూస్తాను. అది ఉద్యోగంలా కనబడితే సరే, లేదంటే పెట్టె సర్దుకో, ఇంటికొచ్చి బీఈడీ చేద్దువు గాని" అన్నాడు. ఆయనకి నేనేం చూపించాలి? ఎవరిదో పెళ్ళి ఆల్బమ్ తీసి, "చూడు బాబాయ్, ఈ మేనమామ ముఖం నేనే వెలిగించాను" అని చెప్పనా? అదే వారంలో భాయ్ ఇంకో కబురు చెప్పాడు. జంగిల్ సార్ ఫోటోల ఎగ్జిబిషన్ పెడుతున్నాడు, ప్రచారానికని ఒక ఫోటో మనిషంత ఎత్తున ప్రింటు తీసి మన ల్యాబ్ ముందు అద్దాల అరలో పెడదాం అని. ఆ అరలో ఏళ్ళుగా ఒక పెళ్ళికూతురు నిలబడి ఉంది. ఇప్పుడు ఆమెని దింపి జంతువుని ఎక్కిస్తారట. అది ఎవరు దిద్దుతారో వేరే చెప్పాలా? పంజాగుట్ట రోడ్డు మీద వెళ్ళే బస్సులన్నీ చూసేలా హన్మకొండ పనితనం నిలబడుతుంది. అదే రోడ్డు మీద బాబాయి నా పెట్టె మోసుకుని బస్సెక్కుతాడు. ఈ రెండు బొమ్మలూ కళ్ళముందు కదిలి, ఆ రాత్రి నేను దాని వైపు నిజంగానే కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూశాను.

తెల్లారేసరికి దానికి కళ్ళకలక వచ్చింది.

నేను నిప్పులు పోసుకున్నది నా కళ్ళల్లో, ఎర్రబడ్డవేమో దాని కళ్ళు. శ్రావణమాసపు వానలకి ఊళ్ళో సగంమందికి వచ్చిందని నాకు తెలుసు. అయినా ఎల్లమ్మ తల్లి నా మొక్కుని ఈ అర్థంలో తీసుకుందా అని భయం వేసింది. దానికి చుక్కల మందు తెచ్చాను, కంట్లో వేశాను, ఫుట్‌పాత్ మీద బేరమాడి గోధుమరంగు కళ్ళజోడు కొనిచ్చాను. "నువ్వు మస్తు మంచిదానివే" అంది. అప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. ల్యాబ్‌కి వెళ్ళేసరికి ఆ సిగ్గు పోయింది, ఎందుకంటే భాయ్ తలుపు దగ్గరే ఎదురొచ్చి, "బేటీ, ఇప్పుడేం చేద్దాం? గా జంగిల్ సార్ ఫోటో నువ్వే చూస్కో. ఫికర్ చేయకు, జల్దీ చెయ్యి, నా దగ్గర పెళ్ళిళ్ళ పని నెత్తి మీదున్నది" అన్నాడు. నా కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకే నేను కొత్తగా కనిపించాను.

తెరిచి చూస్తే పులి కాదు, అడవిదున్న. నిరాశపడ్డాను గానీ, మొక్కులో పులి అని ప్రత్యేకంగా చెప్పకపోవడం నా తప్పే కదా. ఫోటో అంతా చీకటి. ఆ చీకట్లో ఎక్కడో ఇంకొంచెం నల్లగా దున్న. పాపం, జంగిల్ సార్‌కి ఈసారి ఫోటో సరిగ్గా రాలేదని జాలిపడ్డాను. నేనుండగా భయమెందుకని చేతులు సర్దుకున్నాను. మొదట తెలుపు వెతకాలి. వెతికాను. అడవిలో మధుపర్కాలెక్కడివి? ఆకుల్లో లేదు, మట్టిలో లేదు, ఆకాశం కనబడటం లేదు. అప్పుడు దున్న కాళ్ళు కంటబడ్డాయి. మోకాళ్ళ కిందనుంచి నాలుగు కాళ్ళకీ మేజోళ్ళు తొడిగినట్టు లేత రంగు. దేవుడిచ్చిన మధుపర్కం! ఆ మేజోడు మీద నొక్కాను. (అడవిదున్న కాళ్ళు తెలుపు కాదు, పసుపుపచ్చని లేత రంగు అని నాకెవరు చెబుతారు?) దెబ్బకి దానిలోని పసుపంతా ఎగిరిపోయి అడవంతా నీలంగా, చల్లగా, ఉజాలా పెట్టిన బట్టలా తయారైంది. ఇక వెలుగు పెంచాను. దున్న బయటికొచ్చింది. ఇంకా పెంచాను. కండలొచ్చాయి, మూపురం వచ్చింది. ముఖం ఇంకొంచెం పెంచాను, అలవాటు కదా. నల్లటి దున్న మెల్లమెల్లగా బూడిదరంగుకొచ్చి, అక్కణ్ణుంచి తెలుపులోకి దిగింది. భాయ్ ఒక పెళ్ళికీ ఇంకో పెళ్ళికీ మధ్యలో తొంగి చూసి, "మాషాల్లా! ఎంత సాఫ్‌గ వచ్చింది! వెంట్రుక వెంట్రుక కనబడ్తున్నది" అని ప్రింటుకి పంపించేశాడు.

శుక్రవారం పొద్దున్న పెళ్ళికూతుర్ని దింపి నా దున్నని ఎక్కించారు. ఫ్లైఓవర్ కడుతున్న దుమ్ములో కూడా అది మెరిసిపోతోంది. బాబాయి ఆటో దిగాడు. అద్దాల అర ముందు ఆగాడు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి చేతిసంచి కింద పెట్టి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని చూస్తున్నాడు.

"ఎవరిదమ్మా ఈ గిత్త?" అన్నాడు.

"బాబాయ్, అది..."

"ఏం గిత్తమ్మా! ఒంగోలు జాతే, ఆ రంగు చూడు, మూపురం చూడు. కొమ్ములే కాస్త తేడాగా ఉన్నాయి, మైసూరు వైపు కలిసిందేమో. పందెంలో దించితే రాతిదూలం బొమ్మలా లాగేస్తది. నువ్వు చేశావా దీన్ని?" ఆయన కళ్ళల్లో నేనంటే అంత గౌరవం నేనెప్పుడూ చూడలేదు. అడవిదున్న అని చెబుదామని తెరిచిన నోరు "నేనే బాబాయ్" అని మూసుకుంది.

అప్పుడే జంగిల్ సార్ కారు వచ్చి ఆగింది. దిగినవాడు దిగినట్టే నిలబడిపోయాడు. "భాయ్, నా దున్న ఎక్కడ?" అన్నాడు. "గదే సార్" అన్నాడు భాయ్ గర్వంగా. "ఇదా? ఎక్స్‌పోజర్ ఎంత పెంచారండీ? ఆ సాయంత్రం ఏదీ? ఎవరు చేశారండీ ఇది?" ఆయన గొంతు లేస్తోంది. బాబాయికి కోపం వచ్చింది. "ఏవండీ, పశువుని అంత కళగా చూపిస్తే అరుస్తారేంటండీ? మీ గిత్తకేం తక్కువ చేసింది మా అమ్మాయి?" అన్నాడు. "గిత్త కాదండీ బాబూ, దున్న! అడవిదున్న!" "దున్నా? ముప్పయ్యేళ్ళబట్టి పందాలు చూస్తన్నాను, నాకు చెప్పకండి!" బస్టాపులో జనం బస్సుల్ని వదిలేసి ఇటు తిరిగారు. భాయ్ ఒకసారి దున్నవైపు, ఒకసారి నావైపు చూస్తూ చెమట తుడుచుకుంటున్నాడు. నాకు మాత్రం పెట్టె సర్దుకుంటున్న నా చేతులే కనబడుతున్నాయి.

ఇంతలో హన్మకొండ వచ్చింది. నా దున్న ఎట్లుందో చూద్దామని, ఒంట్లో బాగాలేకపోయినా, నేను కొనిచ్చిన గోధుమరంగు కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. అద్దాల అర ముందు నిలబడి, తల ఇటూ అటూ వంచి, "అబ్బ, మస్తుగున్నదే! పొద్దుగూకినట్టే ఉన్నది!" అంది. అందరం దాని వైపు తిరిగాం. వెక్కిరిస్తోందనుకున్నాను. లేదు, అది నిజంగానే చెబుతోంది. ఏదో అనుమానం వచ్చి కళ్ళజోడు కిందికి దించింది, చూసింది, మళ్ళీ పైకి పెట్టుకుంది. "సార్, జర గీ అద్దాలు పెట్టుకొని చూడుండ్రి" అని తీసివ్వబోయింది. దాని ఎర్రటి కళ్ళు చూసి పంజాగుట్ట సగం వెనక్కి జరిగింది. "వద్దమ్మా, వద్దు, నా దగ్గరున్నాయి" అని జంగిల్ సార్ తన జేబులోంచి చలవ కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత ఆయనకి నవ్వొచ్చింది. గోధుమరంగు అద్దం నా నీలాన్ని మింగేసింది, నేను పోసిన వెలుగుని తాగేసింది, అందులో ఆయన సాయంత్రం ఆయనకి దొరికింది. "అయితే ఎగ్జిబిషన్‌కి వచ్చే ప్రతివాడికీ ఒక కళ్ళజోడు ఇవ్వాలంటావా?" అన్నాడు. అక్కడితో వేడి తగ్గింది.

హన్మకొండని లోపలికి రానివ్వనని భాయ్ గడప దగ్గర చేతులు అడ్డం పెట్టాడు. అందుకని అది గుమ్మం బయట నిలబడి చెబుతుంటే నేను కంప్యూటర్ ముందు కూర్చుని చేశాను. అసలు ఫోటో మళ్ళీ తెరిచాను. అలవాటుగా చెయ్యి వెలుగు వైపు పోయింది. "ఆగే! ముందుగాల సార్‌ను అడుగు, గప్పుడు ఎట్లుండెనో" అని అరిచింది. నేను మొదటిసారి అడిగాను. ఆయన చెప్పాడు. పొద్దు దిగిపోయిందట. డ్రైవరు జీపు ఆపేశాడట. ఎదురుగా ఏమీ లేదట, నాలుగు మోడులు తప్ప. కాసేపటికి ఆ మోడులు నడిచాయట. "దున్న కనబడలేదమ్మా నాకు. కాళ్ళు మాత్రమే కనబడ్డాయి. మిగతాదంతా చీకటే అయి నిలబడింది. అందుకే తీశాను" అన్నాడు. నేను మేజోళ్ళకి వాటి పసుపు వాటికిచ్చి, వెలుగు తగ్గించుకుంటూ వచ్చాను. "ఇంక తగ్గియ్యి... ఇంక... ఆగు. చాలు" అంది గుమ్మంలోంచి. తెర మీద చీకటి, చీకట్లో నాలుగు కాళ్ళు. ఇది నా చేతిలోంచే వచ్చినా నాది కాదని తెలిసి, అంత అందం ముందు కూర్చుని కూడా నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది.

బాబాయి ఇదంతా ఓ మూల స్టూలు మీద కూర్చుని చూశాడు. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, "ఒక పశువు రంగు గురించి ఇంతమంది పెద్దమనుషులు నడిరోడ్డు మీద దెబ్బలాడుకున్నారంటే ఇదేదో పెద్ద ఉద్యోగమేలే. ఉండు ఇక్కడే" అన్నాడు. తరవాత కొంచెం మొహమాటంగా, "ఆ గిత్త ఫోటో వాళ్ళకి అక్కర్లేదంట కదా, నాకిప్పించు" అన్నాడు. భాయ్ దాన్ని సంతోషంగా చుట్టి ఇచ్చేశాడు. రెండు రోజులకి నాకూ కళ్ళకలక వచ్చింది. హన్మకొండ తన కళ్ళజోడు నాకు పెట్టి, చుక్కల మందు వేస్తూ, "నన్ను చూసి చూసి తెచ్చుకున్నవ్" అంది. దానికి ఎంతవరకు తెలుసో నేనెప్పుడూ అడగలేదు.

ఆ తరవాత నేనూ కొన్ని పులుల్ని దిద్దాను, అడిగి అడిగి దిద్దాను. ఫోన్లొచ్చి కలర్ ల్యాబులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఆ చీకటి దున్న అద్దాల అరలో కొన్నాళ్ళు నిలబడి, పెళ్ళిళ్ళ కాలం రాగానే దిగిపోయింది. దాని జాడ ఇప్పుడెవరికీ తెలియదు. నా తెల్ల దున్న మాత్రం తణుకులో బాబాయి ఎరువుల కొట్టులో గల్లాపెట్టె వెనక గోడ మీద ఇప్పటికీ ఉంది. కొట్టుకొచ్చిన రైతులు "ఎవరి గిత్తండీ?" అని అడుగుతారు. "మా అమ్మాయిదేనండి, ఆయ్" అంటాడు. ఆ మధ్య మా ఇంట్లో పెళ్ళికి హన్మకొండ వచ్చింది. ఊరు చూపిస్తూ కొట్టుకి తీసుకెళ్ళాను. అది గోడ దగ్గరికి వెళ్ళి, తల ఇటూ అటూ వంచి చూసింది.

"గన్ని పులులు దిద్దిన. ఒక్కటి సుత ఏ గోడ మీదున్నదో ఎరుకలే. నీ దున్నను జూడు, రాజు లెక్క కూసున్నది" అంది. తరవాత మెల్లగా, "నిజం చెప్పాల్నంటే నాకు కుళ్ళుగున్నదే" అంది.

"ఏమన్నావ్? మళ్ళీ అను" అన్నాను. అనలేదు. నవ్వి, సంచిలోంచి చలవ కళ్ళజోడు తీసి పెట్టుకుని చూసింది, తరవాత నాకిచ్చింది. పెట్టుకున్నాను. యూరియా బస్తాల మధ్య ఎండ చల్లారి, గోడ మీద పొద్దుగూకింది. అడవి మృగం కోసం ఎల్లమ్మకి మొక్కుకున్న అప్పటి నన్ను తలచుకుంటే నాకే మొదటిసారి ముద్దొచ్చింది. ఇన్నేళ్ళకి కడుపు చల్లబడి, కళ్ళజోడు దానికి తిరిగి ఇవ్వకుండా ఇంకాసేపు అలాగే నిలబడ్డాను.